జింక వేటలో తిండి, వాసన: రోజంతా స్టాండ్ మీద కూర్చునేవారి కోసం

మీ ప్రశ్న ఇదీ: ఈ నవంబర్‌లో మొదటిసారి విల్లుతో వైట్‌టెయిల్ జింక (అమెరికా అడవుల్లోని తెల్లతోక జింక) వేటకు వెళ్తున్నారు. తెల్లవారకముందే చెట్టు మీది స్టాండ్ (చెట్టుకు ఎత్తులో బిగించిన చిన్న ఆసనం) ఎక్కి, చీకటి పడేదాకా దిగకూడదని అనుకుంటున్నారు. జెర్కీ (ఎండబెట్టిన మాంసం ముక్కలు), ఆపిల్, ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్తే ఆ వాసనకే జింకలు దారి మళ్లుతాయా, అసలు ఏమీ తినకుండా కూర్చోవడమే మంచిదా, వాసన ఆపుతుందని అమ్మే కార్బన్ సూట్ కొనాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. తినండి. కడుపు మాడ్చుకుని కూర్చోవద్దు. సంచిలో ఉన్న ఆపిల్ వాసన కంటే ఆ సంచి మోస్తున్న మనిషి వాసనే జింకకు పెద్ద ప్రమాద సూచన. గాలి మీ మీదుగా జింక వైపు వీస్తుంటే, మీరు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకపోయినా దానికి తెలిసిపోతుంది. జింక వైపు నుంచి మీ వైపు వీస్తుంటే, కాఫీ తాగుతున్నా దానికి తెలియదు. అందుకని స్టాండ్ మీదికి తీసుకెళ్లే తిండి విషయంలో మొదట చూడాల్సింది చప్పుడు, కదలిక, ఒంటి వేడి. వాసన కోసం తిండిని పట్టించుకోవాల్సిన చోటు వేరే ఉంది, అది ముందు రాత్రి మీ భోజనం.

ఇదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో చేసే వేట గురించి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. అక్కడి నుంచి చదివేవాళ్లకు ఈ తేడా స్పష్టంగా ఉండాలి.

ముందు మన ఒంటి నుంచి ఏం బయటికి వెళ్తుందో చూద్దాం. చెమటకు, అప్పుడే పట్టినప్పుడు, దాదాపు వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాల వల్ల వాసన వస్తుంది. చంకల్లో, గజ్జల్లో ఉండే గ్రంథుల చెమట అయితే మరీను. దీనికి తోడు చర్మం నుంచి, తల నుంచి కంటికి కనపడని పొలుసులు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. ఇక ఊపిరి. కదలకుండా కూర్చున్న మనిషి ఒక్కో శ్వాసకు అర లీటరు గాలి వదులుతాడు. నిమిషానికి పదిహేను శ్వాసలనుకుంటే గంటకు 450 లీటర్లు. అంత గాలిలోనూ మన ఒంట్లోని అసిటోన్, ఐసోప్రీన్, అమ్మోనియా లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి. ఏ సూటూ దీన్ని ఆపలేదు. ముఖానికి గుడ్డ కట్టుకున్నా ఊపిరి బయటికి రావాల్సిందే కదా.

జింక ముక్కు ఈ వాసనలన్నిటినీ కలిపి ఒకే ముద్దగా పట్టుకోదు, వేటికవి విడదీస్తుంది. అందుకే ఒక వాసన మీద ఇంకో వాసన పూసి దాచేయాలన్న ఆలోచన నాకు నచ్చదు. మీరు పైన్ నూనె రాసుకుంటే దానికి పైన్ వాసన వస్తుంది, పక్కనే మీరూ వస్తారు. పైగా జింక తన ముక్కును నాలుకతో తడుపుకుంటూ ఉంటుంది. తడి ముక్కుకు వాసన ఇంకా బాగా అంటుకుంటుంది. కాస్త తేమగా, మెల్లగా గాలి వీచే ఉదయాలు అందుకే మనకు కష్టం.

ఇప్పుడు ముందు రాత్రి భోజనం సంగతి. వెల్లుల్లి తిన్నప్పుడు ఒంట్లో అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం తయారవుతుంది. మిగతా గంధక పదార్థాలు నోట్లోనే ఉండి, పళ్లు తోముకుంటే చాలావరకు పోతాయి. ఇది మాత్రం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి, చెమట నుంచి గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా బయటికి వస్తూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి గట్టిగా వెల్లుల్లి వేసిన కూర తిని, తెల్లవారుజామున వాసన లేని సబ్బుతో ఎంత శుభ్రంగా స్నానం చేసినా లోపలి నుంచి వచ్చేదాన్ని ఆపలేరు. ఉల్లిపాయదీ ఇదే తీరు, కాస్త తక్కువ. కాబట్టి వేటకు ముందు రోజు మధ్యాహ్నం నుంచే రెండూ మానేయండి. పొరపాటున తిన్నా, వెంటనే పచ్చి ఆపిల్, పుదీనా ఆకు లేదా పాలు తీసుకుంటే ఊపిరిలో ఆ గంధకం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పూర్తిగా పోదు, తగ్గుతుంది. మద్యం కూడా కొంత ఊపిరి గుండానే బయటపడుతుంది. దాన్ని ముందు రాత్రే కాదు, చెట్టెక్కే పని ఉన్నన్నాళ్లూ పక్కన పెట్టాలి.

ఏమీ తినకుండా ఉంటే వాసన తగ్గుతుందేమో అని అడిగారు. అది తిరగబడుతుంది. చాలాసేపు తినకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది, ఊపిరిలో అసిటోన్ పెరుగుతుంది. నీళ్లు తాగకపోతే నోరు ఎండిపోయి నోట్లోని బ్యాక్టీరియా రెచ్చిపోతుంది. ఉపవాసం ఉన్నవాళ్ల నోటి వాసన మనకే తెలుస్తుంది కదా, జింకకు తెలియదా? అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆకలితో, చలితో ఉన్న మనిషి పదకొండింటికే దిగిపోతాడు. నవంబర్‌లో జత కట్టే కాలం, అంటే రట్, జోరు మీదున్నప్పుడు మగజింకలు మిట్టమధ్యాహ్నం కూడా తిరుగుతుంటాయి. ఆ సమయానికి స్టాండ్ మీద లేకపోవడం కంటే ఆపిల్ వాసన పెద్ద తప్పేమీ కాదు.

అయితే గాలి. వాసన గురించి నాకు తెలిసిన విద్యంతా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫోన్‌లో వాతావరణం యాప్ చెప్పేది ఆ ప్రాంతం మొత్తానికి గాలి ఎటు వీస్తుందో. మీ చెట్టు దగ్గర ఎటు వీస్తుందో దానికి తెలియదు. కొండ వాలు, వాగు, అడవి అంచు, ఇవన్నీ గాలిని తిప్పేస్తాయి. దానికి తోడు ఎండ వల్ల వచ్చే కదలిక ఒకటుంది, వేటగాళ్లు థర్మల్స్ అంటారు. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి వాలు వెంట పైకి పాకుతుంది. సాయంత్రం నీడ పడి చల్లబడగానే అదే గాలి కిందికి, పల్లం వైపు జారుతుంది. తెల్లవారకముందు కూడా అది కిందికే జారుతుంటుంది. అంటే ఉదయం ఆరింటికి భద్రంగా ఉన్న స్టాండ్ తొమ్మిదింటికి మిమ్మల్ని పట్టించేయవచ్చు. రోజంతా ఒకే చోట కూర్చునేవాళ్లు అందుకే ఈ రెండు మార్పుల్నీ ముందే లెక్కలో వేసుకోవాలి. గట్టిగా గాలి వీచే రోజున థర్మల్స్ ప్రభావం పెద్దగా కనపడదు. గాలి బలహీనంగా ఉన్న రోజునే అది ఒక దిక్కున నిలవదు, తిరుగుతూ ఉంటుంది. నా వరకు నేను ఆకు కదలని రోజు కంటే కొమ్మలు ఊగే రోజునే ఇష్టపడతాను.

దీన్ని కళ్లతో చూడటానికి మిల్క్‌వీడ్ దూది వాడండి. మన జిల్లేడు దూదిలాగే ఉంటుంది. ఒక్క పోగు వదిలితే వంద గజాల దాకా అది ఎటు పోతుందో, ఎక్కడ కిందికి దిగుతుందో, ఎక్కడ వెనక్కి తిరుగుతుందో కనపడుతుంది. గాలి చూడటానికి అమ్మే పౌడర్ చిమ్మే సీసా అయితే చేతికి దగ్గర్లో గాలి ఎటుందో మాత్రమే చూపిస్తుంది. వేట మొదలయ్యే ముందే ఒక రోజు స్టాండ్ మీద కూర్చుని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం దూది వదిలి చూడండి. దూది పోయే దారే మీ వాసన పోయే దారి. పైగా స్టాండ్ ఎత్తులో ఉంది కాబట్టి వాసన జింకల తల మీద నుంచి పోతుందని చాలామంది నమ్ముతారు. దగ్గర్లో కొంతవరకు నిజమే, కానీ అది ఎక్కడో ఒకచోట నేలకు దిగుతుంది. ఎక్కడ దిగుతుందో దూది చెప్తుంది.

మగజింక, ముఖ్యంగా వయసు మీదున్నది, ఆడజింకలు పడుకునే చోటుకు గాలివాలు వైపు నుంచే వస్తుంది, లోపలికి వెళ్లకుండానే వాసన చూసుకుంటుంది. కాబట్టి మీకు గాలివాలున ఉన్న వైపు జింక రాలేని చోటు అయితే మంచిది. లోతైన వాగో, చెరువో, నిట్రమైన గట్టో, బాగా తెరిపిగా ఉన్న పొలమో ఉండేలా చెట్టును ఎంచుకోండి. వెళ్లే దారి కూడా ఇందులో భాగమే. మీరు నడిచిన దారిని జింక తర్వాత దాటుతుంది, నేలను వాసన చూస్తుంది. రబ్బరు బూట్లు వేసుకుని, పొదల్ని చేత్తో తోసుకోకుండా, మెల్లగా నడవండి. మందపాటి కోటు ఒంటి మీద కాకుండా సంచిలో పెట్టుకుని, పలుచటి చొక్కాతో నడిచి, స్టాండ్ దగ్గర ఒళ్లు చల్లబడ్డాక కోటు తొడుక్కోండి. చెమట పట్టకపోతే వాసనలో సగం గొడవ అక్కడే తీరిపోతుంది, మధ్యాహ్నం తడి బట్టలతో వణికే బాధ కూడా ఉండదు.

ఇక సంచిలో ఏం పెట్టుకోవాలో చూద్దాం.

చలిలో గంటల తరబడి కదలకుండా కూర్చునే ఒంటికి కొవ్వు పదార్థాలు బాగా పని చేస్తాయి. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు, పిండి పదార్థానికైనా మాంసకృత్తికైనా 4. పైగా కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది. అందుకే నా సంచిలో ఎప్పుడూ ఉండేవి ఉప్పు లేని బాదం, జీడిపప్పు, పీనట్ బటర్ రాసిన మెత్తటి బ్రెడ్డు, చీజ్ ముక్కలు. వెంటనే వేడి కావాలనిపించినప్పుడు ఎండు ద్రాక్ష, ఖర్జూరం. ఉప్పు తగ్గించమనడానికి కారణం దాహం. దాహం వేస్తే నీళ్లు, నీళ్లు తాగితే మళ్లీ లేవాల్సిన పని.

మీరు చెప్పిన జెర్కీ తీసుకెళ్లొచ్చు. కానీ మిరియాలు, వెల్లుల్లి దట్టించిన రకం వద్దు, ఉత్త ఉప్పుతో చేసిన మెత్తటి రకం చూడండి. ఆపిల్ కూడా మంచిదే, చాలా చోట్ల జింకలకు అది అలవాటైన వాసనే. దాని సమస్య కొరికినప్పుడు వచ్చే చప్పుడు. ఇంట్లోనే పలుచగా కోసుకుని వెళ్తే ముక్కను నోరు మూసుకుని నమలొచ్చు. ఉడికించిన గుడ్డు బలమైన తిండే గానీ దాని గంధకపు వాసన తీసుకెళ్లదగ్గది కాదు. కమలాపండు తొక్క ఒలవగానే నూనె గాల్లోకి చిమ్ముతుంది, చేతికీ గ్లవ్స్‌కీ అంటుకుంటే రోజంతా పోదు. చిప్స్, క్యారెట్, గట్టి బిస్కెట్ చప్పుడు వల్లే వద్దంటాను. కడుపు ఉబ్బరించే చిక్కుళ్ల లాంటివి ఉదయం టిఫిన్‌లో కూడా వద్దు, కారణం విడిగా చెప్పక్కర్లేదు.

చప్పుడు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, జింక చెవి బాగా పట్టుకునేది 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే పదునైన శబ్దాల్ని. ప్లాస్టిక్ కవరు నలిగే చప్పుడు కూడా పదునైనదే. ఆకుల్లో జింక నడుస్తున్న చప్పుడు మీకు వినపడుతోందంటే మీ కవరు చప్పుడు దానికీ వినపడుతుంది. కాబట్టి కొన్న తినుబండారాల కవర్లన్నీ ఇంట్లోనే తీసేయండి. చిన్న చిన్న గుడ్డ సంచుల్లో గానీ, మందపాటి మెత్తటి జిప్ కవర్లలో గానీ పెట్టుకోండి, చలికి జిప్ బిగుసుకోకుండా సగం తెరిచే ఉంచండి. ఎనర్జీ బార్లు, చాక్లెట్ చలికి గడ్డ కట్టుకుపోతాయి, కోటు లోపలి జేబులో పెట్టుకుంటే తినేసరికి మెత్తగా ఉంటాయి. దగ్గు వస్తే వేసుకోవడానికి పిప్పరమెంటు వాసన లేని చప్పరించే బిళ్లలు రెండు, కాగితం తీసేసినవి, చేతికందేలా ఉంచుకోండి. ఒక్క దగ్గు ఉదయమంతటి ఓపికను పాడు చేయగలదు.

ఆ తర్వాత కదలిక. జింక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, తన చుట్టూ చాలావరకు ఒకేసారి చూస్తుంది. రంగుల్లో, వివరంలో మన కంటే వెనకబడినా, కదలికను పట్టుకోవడంలో మనం దాని ముందు ఆగలేం. తిండి సంచిని వెనక కొమ్మకు తగిలిస్తే తినాలనుకున్న ప్రతిసారీ నడుము తిప్పాలి. చిన్న పౌచ్‌ను ఛాతీ దగ్గర పెట్టుకోండి. చెయ్యి పొట్ట దగ్గర నుంచి నోటి దాకా మెల్లగా వెళ్లి రావాలి, అంతే. తినే ముందు తల మెల్లగా తిప్పుతూ చుట్టూ ఒకసారి చూడండి. విల్లు ఒళ్లో పెట్టుకుని తినొద్దు, హుక్కుకు తగిలించండి. తినడానికి ఒక చేతి గ్లవ్ మాత్రమే తీసి, తిన్నాక వాసన లేని తడి గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాకే మళ్లీ తొడుక్కోండి. చీజ్ జిడ్డు గ్లవ్‌కీ, గ్లవ్ నుంచి రిలీజ్‌కీ (విల్లు తాడును పట్టి లాగి వదిలే పరికరం), అక్కడి నుంచి విల్లు తాడుకూ పాకుతుంది.

ఇక్కడే ఇంకో మాట. నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా ఒళ్లంతా పట్టే హార్నెస్ (పడిపోకుండా ఆపే పట్టీలు) చెట్టుకు కట్టి ఉండాలి. తింటున్నప్పుడు, కోటు మారుస్తున్నప్పుడు, కునుకు పడుతున్నప్పుడు కూడా. విల్లును, సంచిని చేత్తో మోస్తూ ఎక్కొద్దు, తాడు కట్టి తర్వాత పైకి లాక్కోండి. స్టాండ్ మీద నుంచి పడి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటున్నారు. వాసన సంగతి తప్పినా ఇంకో రోజు వస్తుంది.

కాఫీ వాసన వల్ల జింకలు పారిపోతాయని నేను అనుకోను. దాని ఇబ్బంది వేరు: మూత తిప్పడం, పొగలు కక్కడం, కాసేపటికి మూత్రానికి లేవడం. కాఫీ లేకపోతే తలనొప్పి వచ్చే మనిషైతే ఇంట్లోనే ఒక కప్పు తాగి, నోరు కడుక్కుని బయల్దేరండి. స్టాండ్ మీద వేడినీళ్లు చాలు, వేడీ అందుతుంది, నోరూ తడిగా ఉంటుంది. మూత్రం వాసనకు జింకలు భయపడతాయా అన్న దానిపై వేటగాళ్ల మధ్య ఎడతెగని వాదన ఉంది. చాలా జింకలు పట్టించుకోకుండా పోవడం నేను చూశాను. అయినా వెడల్పు మూతి సీసా వాడమంటాను, ఎందుకంటే కింద పడే ధార చప్పుడు, అంచు దాకా జరగడం రెండూ తప్పుతాయి.

కార్బన్ సూట్ విషయానికి వద్దాం. యాక్టివేటెడ్ కార్బన్ వాసన అణువుల్ని తన మీద అంటించుకుంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ దాని పట్టు ఎంతో కొంతకే, నిండాక ఇక పట్టదు. నిండిన కార్బన్‌ను పూర్తిగా ఖాళీ చేయాలంటే పరిశ్రమల్లో 600 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. ఇంట్లో డ్రయ్యర్ దాని దరిదాపులకు కూడా రాదు. డ్రయ్యర్‌లో వేస్తే మళ్లీ కొత్తదవుతుందన్న మాట నమ్మి డబ్బు పెట్టొద్దు. పైగా ఊపిరి సంగతి ముందే చెప్పాను. వాసన పోగొడతాయని అమ్మే ఓజోన్ యంత్రాలకు నేను ఇంకా గట్టిగా వద్దంటాను. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, రబ్బరును పాడు చేస్తుంది. హార్నెస్, బట్టలు పెట్టుకునే గదిలో, మనం పీల్చే గాలిలో అది ఎందుకు?

మామూలు జాగ్రత్తలు చాలు. బట్టలు వాసన లేని డిటర్జెంట్‌తో, కాస్త వంటసోడా వేసి ఉతకండి. సోడా ఆ కొవ్వు ఆమ్లాల్ని లవణాలుగా మార్చేస్తుంది, లవణాలు గాల్లోకి లేవవు. తెల్లగా మెరిపించే బ్రైటెనర్లు కలిపిన డిటర్జెంట్ వద్దు, అతినీలలోహిత, నీలి వెలుగుల్ని జింక కన్ను మన కన్నా బాగా చూస్తుంది. ఆరుబయట ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, కారు దిగాకే తొడుక్కోండి. వంటింటి వాసనా, పెట్రోలు వాసనా పట్టే చోట వాటిని ఉంచొద్దు. ఇవన్నీ చేసినా మీ వాసన మాయం కాదు. జింక దాన్ని పసిగట్టే దూరం కాస్త తగ్గుతుందేమో, ఆ కాస్త కోసమే ఈ పని.

ఒక చట్టపరమైన సంగతి మర్చిపోవద్దు. ఆపిల్ గుజ్జు, గింజలు, బ్రెడ్డు ముక్కలు కిందికి విసరకండి. చాలా రాష్ట్రాల్లో ఎర వేసి వేటాడటం నిషేధం, స్టాండ్ కింద పడి ఉన్న ఆపిల్ ముక్కల గురించి అధికారికి సర్దిచెప్పుకోవడం అంత సుళువు కాదు. తెచ్చిన ప్రతిదీ తిరిగి సంచిలోకే వెళ్లాలి. జింకలను ఆకర్షించడానికి అమ్మే జింక మూత్రం సీసాలు కొనాలనుకుంటే కూడా ముందు మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాలు చూడండి. 1967లో కొలరాడోలో మొదటిసారి గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకల మెదడును దెబ్బతీసి చంపే జబ్బు మూత్రం, ఉమ్మి ద్వారా కూడా వ్యాపించగలదని (కృత్రిమం కాని) నిజమైన జింక మూత్రాన్ని కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. జింక దొరికి కోసే పని పడితే గ్లవ్స్ వేసుకోండి, చేతులు బాగా కడుక్కునేదాకా సంచిలోని తిండి ముట్టుకోవద్దు. ఆ జబ్బు ఉన్న ప్రాంతమైతే మాంసం పరీక్షకు పంపించి, ఫలితం వచ్చాకే తినండి.

ఎప్పుడు తినాలన్నది మిగిలింది. వెలుతురు వచ్చిన మొదటి రెండు గంటలు, చీకటి పడే ముందు రెండు గంటలు నోరు కట్టేసుకోండి, జింకల కదలిక ఎక్కువగా ఉండేది అప్పుడే. మిగతా సమయంలో ఒకేసారి భోజనంలా కాకుండా గంటకో, గంటన్నరకో నాలుగు పలుకులు తినండి. ఒకేసారి నిండుగా తింటే మధ్యాహ్నం కునుకు ఆగదు. గాలి గట్టిగా వీచినప్పుడు కొమ్మల చప్పుడులో మీ చప్పుడు కలిసిపోతుంది, తినాలనుకుంటే అలాంటి క్షణం కోసం ఆగండి.

మీ స్టాండ్ వాలు మీద ఉందా, చదునులో ఉందా, జింకలు పడుకునే చోటు దానికి ఏ దిక్కున ఉందో రాయలేదు. ఆ రెండూ, అక్కడ నవంబర్‌లో గాలి ఎక్కువగా ఏ వైపు నుంచి వస్తుందో చెప్పండి. ఉదయం ఏ దారిన నడవాలో, చీకటి పడ్డాక ఏ దారిన తిరిగి రావాలో వివరంగా రాస్తాను.